రాకెట్ ముక్క మీ చేనులో పడితే: పంచనామా నుంచి పరిహారం దాకా

2022 ఏప్రిల్ 2. మా ఇళ్ళల్లో ఉగాది, పక్కింటి మరాఠీ వాళ్ళకు గుఢీ పాడ్వా. పొద్దున పచ్చడి తిన్నాం, పూరణ్ పోళీ తిన్నాం, రాత్రి భోజనాల వేళకు ఆకాశంలో నిప్పుల వరస ఒకటి మెల్లగా కదిలిపోయింది. పిల్లలు తోకచుక్క అన్నారు, పెద్దలు విమానం కాలిపోతోందన్నారు. తెల్లారేసరికి తెలిసింది ఏమిటంటే, మహారాష్ట్రలోని మా చంద్రపూర్ జిల్లాలోనే సిందేవాహీ తాలూకా లాడ్‌బోరీ ఊళ్ళో దాదాపు 3 మీటర్ల అడ్డం ఉన్న ఇనుప చక్రం లాంటిది పడింది. చుట్టుపక్కల ఇంకొన్ని ఊళ్ళల్లో లోహపు గుండ్లు దొరికాయి. తర్వాత ఇస్రో వాళ్ళు వచ్చి చూశారు. అది 2021 ఫిబ్రవరిలో చైనా పంపిన లాంగ్ మార్చ్ 3బీ రాకెట్ మూడో దశ అని జొనాథన్ మెక్‌డవల్ లాంటి ఖగోళ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ చక్రం ఒక ఇంటి మీద పడి ఉంటే? కట్టేసిన ఎద్దుల మీద పడి ఉంటే?

నేను ఇదే జిల్లా రాజూరాలో తహసీల్ ఆఫీసు ఎదురుగా అర్జీలు రాసే పని చేస్తాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, కోర్టు కాగితాల్లో ఇంగ్లీషు. ఆ ఉగాది తర్వాత కనీసం ఇరవై మంది నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "మన మీద పడితే పైసలు ఎవరిస్తరు?" జవాబు కోసం ఐక్యరాజ్యసమితి ఒప్పందాలు, మన చట్టాలు తిరగేశాను. తెలిసింది వరసగా రాస్తున్నాను. మొదటే ఒక మాట. పడ్డది వేరే దేశానిదైతే, ఒప్పందం కింద పరిహారం అడిగే హక్కు మీది కాదు, ఢిల్లీది. మీ చేతిలో ఉండేది సాక్ష్యం. అది మొదటి రెండు రోజుల్లో తయారు కాకపోతే తర్వాత ఏ ఒప్పందమూ మిమ్మల్ని ఆదుకోదు.

1. ముందు దూరంగా ఉండండి

పడ్డదాని దగ్గరకు పోవద్దు, పిల్లల్ని పోనివ్వొద్దు, కుక్కల్ని కూడా తోలేయండి. రాకెట్లలోనూ శాటిలైట్లలోనూ గుండ్రటి ట్యాంకులు ఉంటాయి. కొన్నిటిలో హీలియం లాంటి గ్యాస్ ఒత్తిడితో నింపి ఉంటుంది, కొన్నిటిలో హైడ్రజీన్ అనే ఇంధనం ఉంటుంది. హైడ్రజీన్ విషం. చర్మానికి తగిలినా, ఆవిరి పీల్చినా ప్రమాదమే. ట్యాంకు ఖాళీగా ఉందో లేదో మీకూ నాకూ చూస్తే తెలియదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అది మీ వైపు నుంచి ఆ వస్తువు వైపు వీచేలా నిలబడండి.

నీళ్ళు పోయొద్దు, కదపొద్దు, ట్రాక్టర్‌తో లాగొద్దు. ఫోటోలు దూరం నుంచే తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే అక్షాంశ రేఖాంశాలు ఫోటోలోనే నిలిచిపోతాయి.

2. అది నిజంగా అంతరిక్షం నుంచి పడ్డదేనా?

మొన్న వానాకాలంలో పత్తి చేనులో దొరికిందని ఒక మామ గోనె సంచిలో ఏదో పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. "తమ్మీ, ఇది చైనాదేనా?" తెల్లటి థర్మాకోల్ డబ్బా, చిన్న తీగ, దారం, దారం చివర చిరిగిన రబ్బరు. వాతావరణ శాఖ వాళ్ళు గాలి, తేమ కొలవడానికి వదిలే బెలూన్ డబ్బా అది. "మామా, ఇది నాగపూర్ దాటి ఎక్కడికీ పోలె" అన్నాను. ఆయన మొహంలో నిరాశ చూడాలి.

నవ్వులాట పక్కన పెడితే, ఈ తేడా చట్టంలో చాలా ముఖ్యం. 1972 నాటి లయబిలిటీ కన్వెన్షన్, అంటే అంతరిక్ష వస్తువుల వల్ల జరిగే నష్టానికి బాధ్యత చెప్పే ఒప్పందం, అంతరిక్ష వస్తువులకే వర్తిస్తుంది. శాటిలైట్, దాని భాగాలు, దాన్ని మోసుకెళ్ళిన రాకెట్, రాకెట్ భాగాలు అన్నీ ఈ మాటలోకి వస్తాయి. ప్రయోగం ఫెయిలయి మధ్యలోనే కూలిపోయినా వస్తాయి, ఎందుకంటే ప్రయోగించే ప్రయత్నం కూడా ప్రయోగమే అని ఒప్పందంలోనే రాసి ఉంది. వాతావరణ బెలూన్ రాదు. విమానం నుంచి ఊడిన తలుపు రాదు. ఆకాశం నుంచి వచ్చిన ఉల్క అసలే రాదు, దానికి యజమాని లేడు.

కాలిన లోహం, నల్లటి దారాలు చుట్టినట్టుండే గుండు, తేనెతుట్టె లాంటి లోపలి అల్లిక, వరసగా బోల్టు రంధ్రాలు ఉంటే అనుమానించండి. తేల్చేది మాత్రం మీరు కాదు. అర్జీలో "రాకెట్ ముక్క" అని రాయొద్దు, "ఆకాశం నుంచి పడిన గుర్తు తెలియని లోహ వస్తువు" అని రాయండి. రేపు అది వేరే ఏదైనా అని తేలితే మీ మాట అబద్ధం కాకుండా ఉంటుంది.

3. అది మీ సొత్తు కాదు

చేను మీదే, పడ్డది మీ గట్టు లోపలే. అయినా అది మీది కాదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం 8వ అధికరణం ప్రకారం, పైకి పంపిన వస్తువు మీద యాజమాన్యం అది భూమికి తిరిగి వచ్చినా పోదు. 1968 నాటి రెస్క్యూ ఒప్పందం 5వ అధికరణం ఇంకో అడుగు ముందుకు వేసి, తమ నేల మీద అలాంటిది దొరికితే ప్రయోగించిన వారికి, ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌కు తెలియజేయాలని, అడిగితే తిరిగి ఇవ్వాలని చెబుతుంది. వెతకడానికి, పంపడానికి అయ్యే ఖర్చు ప్రయోగించిన వాళ్ళే భరించాలి.

కాబట్టి పాత ఇనుప సామాను కొనే భంగార్ బండి వాడికి అమ్మొద్దు. టైటానియం అని ఎవరో చెబితే ఆశ పడొద్దు. ముక్క పోతే నేరుగా మీ సాక్ష్యమే పోతుంది. ఆ బోల్టు మీద ఉన్న నంబరే అది ఏ దేశానిదో చెప్పేది.

చెప్పాల్సిన వాళ్ళు, ఈ వరసలో: ఊరి పోలీస్ పాటిల్, పోలీస్ స్టేషన్, తలాఠీ (ఊరి భూముల లెక్కలు చూసే ఉద్యోగి), తహసీల్దార్. 112కు ఫోన్ చేస్తే స్టేషన్‌కు చేరుతుంది, కానీ ఫోన్ చేసి ఊరుకోవద్దు. స్టేషన్ డైరీలో ఎంట్రీ పడిందా అని అడిగి నంబరు, సమయం రాసుకోండి.

జీవతీ తాలూకాలో తెలంగాణతో తగాదా ఉన్న 14 గ్రామాల వాళ్ళకు ఒక మాట ఎక్కువ. మీకు రెండు రాష్ట్రాల ఓటు కార్డులు ఉన్నాయి, ఇద్దరు సర్పంచులు ఉన్నారు. అంతర్జాతీయ చట్టం దృష్టిలో ఇటైనా అటైనా భారతదేశమే, కానీ పంచనామా ఎవరు చేయాలన్న వాదులాటలో వారం గడిచిపోతుంది. ఇటు జీవతీ తహసీల్‌లో, అటు కెరమెరి మండలంలో రెండు చోట్లా అర్జీ ఇవ్వండి. ఎవరు ముందొస్తే వాళ్ళ పంచనామా.

4. పంచనామా: ఇక్కడే గెలుపైనా ఓటమైనా

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కింద పిడుగు పడి ఒక రైతుకు జోడెద్దులు పోయాయి. పంచనామాలో "అందాజే రెండు జంతువులు చనిపోయినట్టు కనిపించింది" అని రాశారు. అందాజే అంటే సుమారుగా. ఆ ఒక్క మాట పట్టుకుని పై ఆఫీసులో ఫైల్ తిప్పి పంపారు. పశువుల డాక్టర్ సర్టిఫికెట్ లేదు, చెవి ట్యాగ్ నంబర్ రాయలేదు, అప్పటికి కళేబరాలు పూడ్చేశారు. ఆ రైతు మూడుసార్లు నా దగ్గరకు వచ్చాడు, నాలుగోసారి రాలేదు.

ఒక జిల్లాలోనే అంత తిప్పితే, మీ కాగితం రేపు వేరే దేశపు విదేశాంగ శాఖ బల్ల మీదకు పోవాలి. కాబట్టి పంచనామా చేసేవాళ్ళ పక్కన నిలబడి ఇవి రాయించండి.

పడిన తేదీ, సమయం. నిమిషాలతో సహా. ఆకాశంలో వెలుగు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు పోయిందో, చప్పుడు ఎప్పుడు వినిపించిందో కూడా. శాటిలైట్ల దారి లెక్కగట్టేవాళ్ళకు ఈ రెండు సంగతులు బంగారం లాంటివి. ఫలానా రాకెట్ ముక్క ఫలానా నిమిషానికి మన మీదుగా పోయిందని వాళ్ళ దగ్గర లెక్క ఉంటుంది, దానితో మీ సమయం కలవాలి.

స్థలం. గట్ నంబర్, అంటే చేను సర్వే నంబర్, సాత్‌బారా అనే భూమి పత్రంలో ఉన్నట్టే. ఫోన్‌లో వచ్చిన అక్షాంశ రేఖాంశాలు. పక్క చేను ఎవరిది, దగ్గరి బావి ఎంత దూరం.

వస్తువు. కొలతలు, రంగు, వాసన ఉంటే వాసన, అక్షరాలు ఉంటే అవి ఏ లిపిలో ఉన్నా కనిపించినట్టు బొమ్మ గీయించండి. బరువు తెలియకపోతే "తూచలేదు" అని రాయించండి, అందాజే వద్దు.

నష్టం. ఇక్కడ ఆగి నిదానంగా చేయండి. చేనులో కాలిన పంట ఎన్ని గుంటలు, ఏ పంట, ఏ దశలో ఉంది. ఇల్లు అయితే ఇంజనీరు అంచనా. పశువు అయితే పశువైద్యుడి పోస్ట్‌మార్టం. మనిషికి దెబ్బ అయితే ఆసుపత్రి ఇంజురీ సర్టిఫికెట్, ప్రాణం పోతే పోలీసుల మరణ విచారణ కాగితాలు. ప్రతి రసీదు, మందు బిల్లు, ఆటో కిరాయి చీటీ దాచండి. వడగళ్ళకో వరదకో ఎకరాకు ఇంత అని ఇచ్చే రేట్లు ఇక్కడ పనికిరావు. లయబిలిటీ కన్వెన్షన్ 12వ అధికరణం కొలత వేరు: నష్టం జరగకపోయి ఉంటే మీరు ఎలా ఉండేవాళ్ళో ఆ స్థితికి తేవాలి. అంటే కూలిన గోడ ఖరీదుతో పాటు ఆ గోడ లేక మీరు అద్దెకున్న ఇంటి కిరాయి కూడా అడగొచ్చు. రుజువు ఉంటేనే.

పంచులు, అంటే సాక్షులు. ఊరివాళ్ళలో ఇద్దరు, ముగ్గురు, మీ బంధువులు కాకుండా. పంచనామా మరాఠీలో ఉంటుంది. మన పెద్దవాళ్ళు చాలామందికి మరాఠీ మాట్లాడడం వచ్చుగానీ చదవడం రాదు. సంతకం చేసే ముందు గట్టిగా చదివించుకుని, తెలుగులో ఒకసారి చెప్పించుకోండి. వేలిముద్ర వేసేవాళ్ళకు "చదివి వినిపించాం" అన్న మాట తప్పకుండా ఉండాలి. తర్వాత నకలు అడగండి. అర్జీ ఇచ్చిన ప్రతిచోటా ఆవక్ నంబర్ (కాగితం ఆఫీసుకు వచ్చినట్టు వేసే నంబర్), తేదీ, స్టాంపు పడాలి. నంబర్ పడని అర్జీ ఇవ్వనట్టే.

ఫోటోల్లో ఒకటి మీరు మర్చిపోయేది చెబుతాను. వస్తువు పక్కన కొలత కోసం ఏదైనా పెట్టి తీయాలి. దగ్గరకు పోకుండా ఎలా? పోలీసులు, ఇస్రో వాళ్ళు వచ్చి కొలిచేటప్పుడు మీ ఫోన్‌తో కూడా తీయండి.

5. అది ఎవరిది?

దీన్ని తేల్చేది ఇస్రో, అంతరిక్ష శాఖ. మీరు చేయాల్సింది కలెక్టర్ ద్వారా అంతరిక్ష శాఖకు రాతపూర్వకంగా అడగడం, దాని కాపీ నేరుగా బెంగళూరులోని అంతరిక్ష శాఖ కార్యాలయానికి, ఢిల్లీలోని విదేశాంగ శాఖకు పంపడం.

వియన్నాలో ఐక్యరాజ్యసమితి అంతరిక్ష వ్యవహారాల కార్యాలయం ఉంది. ఏ దేశం ఏం పైకి పంపిందో అక్కడి రిజిస్టర్‌లో రాయించాలని 1975 నాటి రిజిస్ట్రేషన్ ఒప్పందం చెబుతుంది. దేశాల రాడార్ లెక్కలు కూడా ఉంటాయి. పడ్డ సమయాన్ని వీటితో కలిపితే సాధారణంగా పేరు బయటపడుతుంది.

పేరు బయటపడ్డాక అసలు ప్రశ్న: ప్రయోగ దేశం ఏది? లయబిలిటీ కన్వెన్షన్ నాలుగు రకాల దేశాలను చెబుతుంది. ప్రయోగించిన దేశం, ప్రయోగం చేయించుకున్న దేశం, ఎవరి నేల నుంచి ఎగిరిందో ఆ దేశం, ఎవరి కేంద్రం వాడారో ఆ దేశం. ఒక్కో ప్రయోగానికి ఇద్దరు ముగ్గురు తేలవచ్చు. అప్పుడు అందరూ ఉమ్మడిగా బాధ్యులు, పూర్తి సొమ్ము ఎవరో ఒకరి దగ్గర వసూలు చేయొచ్చు, వాళ్ళలో వాళ్ళు తర్వాత పంచుకుంటారు. రాకెట్ ప్రైవేటు కంపెనీదైనా అంతే. 1967 ఒప్పందం 6వ అధికరణం ప్రకారం ప్రైవేటు వాళ్ళ పనికి కూడా వాళ్ళ ప్రభుత్వమే బాధ్యత వహించాలి, అనుమతి ఇచ్చి నిరంతరం పర్యవేక్షించాలి. "అది మా కంపెనీ చేసింది, మాకు సంబంధం లేదు" అని ఏ దేశమూ తప్పుకోలేదు.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. విదేశీ అయితే 6వ మెట్టు, మనదే అయితే 7వ మెట్టు.

6. విదేశీ అయితే

ఈ దారిలో మంచి వార్త ఒకటుంది. నేల మీద జరిగిన నష్టానికి తప్పు ఎవరిదని రుజువు చేయక్కర్లేదు. వాళ్ళ వస్తువు పడింది, మీకు నష్టం జరిగింది, ఈ రెండూ చూపిస్తే చాలు. లయబిలిటీ కన్వెన్షన్ రెండో అధికరణంలో ఉన్న సంపూర్ణ బాధ్యత అంటే ఇదే. ఎగురుతున్న విమానానికి తగిలినా అంతే. అంతరిక్షంలో శాటిలైటుకు శాటిలైట్ గుద్దుకుంటే మాత్రం తప్పు చూపించాలి, కానీ అది మన పత్తి చేను సమస్య కాదు. చైనా 1988లో ఈ ఒప్పందంలో చేరింది, అమెరికా, రష్యా ముందు నుంచే ఉన్నాయి.

భారతదేశం ఎప్పుడు చేరిందో చూస్తే నాకు నవ్వొచ్చింది. 1979 జులై 9. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలింది జులై 11న. మా నాయన తరం వాళ్ళకు ఆ వారం బాగా గుర్తు. స్కైలాబ్ మన మీదే పడుతుందని ఊళ్ళకు ఊళ్ళు కోళ్ళు కోసుకుని తిన్నాయి, కొందరు అప్పులు ఎగ్గొట్టారు, ఆ ఏడాది పుట్టిన పిల్లల్లో ఒకరిద్దరికి ఆ పేరే పెట్టారు. చివరికి దాని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి. అక్కడి ఎస్పెరెన్స్ ఊరి పాలకవర్గం చెత్త వేసినందుకు అమెరికాకు 400 డాలర్ల జరిమానా రాసింది. 2009లో ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందా వసూలు చేసి కట్టాడు.

ఇప్పుడు చెడ్డ వార్త. మీరు ఆ దేశం మీద రాజూరా కోర్టులో కేసు వేయలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ ప్రకారం విదేశీ ప్రభుత్వం మీద దావాకు కేంద్రం రాతపూర్వక అనుమతి కావాలి. ఆ దేశానికే వెళ్ళి అక్కడి కోర్టులో వేయొచ్చు, లయబిలిటీ కన్వెన్షన్ దానికి అడ్డు చెప్పదు. కానీ అలా వేస్తే అదే నష్టానికి మన ప్రభుత్వం ఈ ఒప్పందం కింద క్లెయిమ్ వేయడానికి వీలుండదు. కాబట్టి ఎవరైనా వకీలు "అక్కడే వేద్దాం" అంటే రెండుసార్లు ఆలోచించండి.

మిగిలిన దారి: భారత ప్రభుత్వం దౌత్య మార్గంలో క్లెయిమ్ వేయాలి. గడువు ఏడాది. నష్టం జరిగిన తేదీ నుంచి గానీ, ప్రయోగ దేశం ఎవరో తెలిసిన తేదీ నుంచి గానీ. నష్టం పూర్తిగా ఎంతో తేలకపోయినా ముందు క్లెయిమ్ వేసేయొచ్చు, తర్వాత సవరించుకోవచ్చు. కాలిన గాయానికి ఇంకా ఆపరేషన్లు మిగిలి ఉన్నాయని ఆగిపోవద్దు.

కాగితాలు అందజేసిన ఏడాదిలోపు మాటల్లో తెగకపోతే, ఏ పక్షం అడిగినా ముగ్గురితో క్లెయిమ్స్ కమిషన్ ఏర్పడుతుంది. ఇరువైపులా ఒక్కొక్కరు, ఛైర్మన్‌ను ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి. నాలుగు నెలల్లో కుదరకపోతే ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్ వేస్తారు. ఆ తీర్పు రెండు పక్షాలూ ముందే ఒప్పుకుంటేనే కట్టుబడాల్సినది, లేకపోతే సిఫార్సు. ఇది ఒప్పందంలో పెద్ద కంత అని నా అభిప్రాయం. బలమైన దేశం ఒప్పుకోకపోతే కాగితం చేతిలో మిగులుతుంది.

నిజంగా జరిగింది చూద్దాం. 1978 జనవరి 24న సోవియట్ శాటిలైట్ కాస్మాస్ 954 కెనడా ఉత్తరాన కూలింది. అందులో అణు రియాక్టర్ ఉంది. రేడియోధార్మిక ముక్కల కోసం మంచులో నెలల తరబడి వెతికారు. కెనడా 60 లక్షల డాలర్ల పైచిలుకు అడిగింది, సెంట్లతో సహా లెక్క రాసి. 1981 ఏప్రిల్‌లో 30 లక్షల కెనడా డాలర్లకు కుదిరింది. అడిగినదాంట్లో సగం, పట్టింది మూడేళ్ళు. కెనడా లాంటి దేశం, నాటో సభ్యురాలు, బోలెడంత సాక్ష్యం. ఇదీ కొలబద్ద. లాడ్‌బోరీ విషయంలో నష్టమే లేదు కాబట్టి క్లెయిమ్ అన్న మాటే రాలేదు. భయపడ్డాం, నిద్ర పట్టలేదు, టెన్షన్ పడ్డాం అంటే చాలదు. ఒప్పందంలో నష్టం అంటే ప్రాణం, ఆరోగ్యం, ఆస్తి.

అర్జీలో ఒక పేరా తప్పకుండా పెట్టండి. క్లెయిమ్ ప్రభుత్వానిది, వచ్చిన సొమ్ము ప్రభుత్వానికి వస్తుంది. దాన్ని బాధితుడికి అందజేయాలని ఒప్పందంలో ఎక్కడా లేదు. మన దేశంలో ఆ మాట చెప్పే చట్టమూ లేదు. క్లెయిమ్ వేయాలా వద్దా అన్నది కూడా కేంద్రం ఇష్టమే. అందుకని "నా తరపున ఈ ఒప్పందం కింద క్లెయిమ్ వేయవలసిందిగా, వచ్చిన మొత్తాన్ని నాకు చెల్లించవలసిందిగా" అని స్పష్టంగా అడగండి. అడిగినట్టు కాగితం ఉంటే, కేంద్రం కదలకపోయినా నాగపూర్ హైకోర్టు బెంచ్ ముందు చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది.

7. మనదే అయితే

చాలామందికి ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది. శ్రీహరికోట నుంచి ఎగిరిన మన రాకెట్ ముక్క మన మీద పడితే లయబిలిటీ కన్వెన్షన్ వర్తించదు. ప్రయోగ దేశం తన పౌరులకే చేసిన నష్టం దాని పరిధిలో లేదని 7వ అధికరణం. మన రాకెట్లు తూర్పున సముద్రం మీదకు ఎగురుతాయి కాబట్టి ప్రయోగ సమయంలో మనకు భయం తక్కువ, కానీ కక్ష్యలో తిరిగి తిరిగి కూలే ఖాళీ దశలకు దిక్కు ఉండదు. 2023 జులైలో ఆస్ట్రేలియా గ్రీన్ హెడ్ తీరంలో పెద్ద డ్రమ్ము లాంటిది కొట్టుకొచ్చింది. మన పీఎస్ఎల్వీ రాకెట్ మూడో దశ అయి ఉంటుందని అక్కడి అంతరిక్ష సంస్థ చెప్పింది. అంటే ఈ ఒప్పందంలో మనం రెండు వైపులా కూర్చునే వాళ్ళం.

ఇంట్లో ఏ చట్టం ఉంది? అంతరిక్షానికంటూ పార్లమెంటు చేసిన చట్టం లేదు. 2017 నవంబర్‌లో స్పేస్ యాక్టివిటీస్ బిల్లు ముసాయిదా ప్రజల ముందు పెట్టారు. లైసెన్సు ఉన్న కంపెనీ, ప్రభుత్వం మీదకు వచ్చే క్లెయిముల భారాన్ని తీర్చాలని అందులో ఉంది. అది చట్టం కాలేదు. 2020లో ప్రైవేటు వాళ్ళకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ వచ్చింది, 2023లో అంతరిక్ష విధానం, 2024 మేలో ఇన్‌స్పేస్ నిబంధనలు వచ్చాయి. అవన్నీ ప్రభుత్వానికీ కంపెనీకీ మధ్య నడిచేవి. చేను కాలిన రైతు పేరు వాటిలో వెతికితే దొరకదు. మన రాజ్యాంగం 253వ అధికరణం ఒప్పందాల అమలు కోసం ఏ విషయం మీదైనా చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. 1979 నుంచి ఇప్పటిదాకా దీని మీద వాడుకోలేదు.

అందుకని మామూలు సివిల్ చట్టమే దిక్కు. అందులో మనకు ఒక గట్టి ఆయుధం ఉంది: ఎం.సి. మెహతా కేసులో 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు. ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైన కేసు. ప్రమాదకరమైన పని చేసేవాళ్ళ వల్ల నష్టం జరిగితే ఎంత జాగ్రత్త పడ్డామన్నా కుదరదు, బాధ్యత సంపూర్ణం, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువ అని కోర్టు చెప్పింది. రాకెట్‌కు ఇది అతుకుతుందనే నా నమ్మకం. ప్రభుత్వం మీద దావా వేసే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఇది మర్చిపోతే మంచి కేసు కూడా మొదట్లోనే కొట్టుకుపోతుంది. ఇక్కడ ఒక మంచి వకీలు కావాలి, నా లాంటి అర్జీలు రాసేవాడు చాలడు.

8. వేరే దేశాలు ఏం చేశాయో తెలిస్తే అడగడం సులభం

అమెరికాలో ప్రైవేటు రాకెట్ ఎగరాలంటే బయటివాళ్ళకు జరిగే నష్టానికి బీమా తప్పనిసరి, గరిష్ఠంగా 50 కోట్ల డాలర్ల దాకా. అది దాటితే ఒక హద్దు వరకు ప్రభుత్వం భరిస్తుంది. ఫ్రాన్స్ 2008లో చట్టం చేసింది, నేల మీద నష్టానికి కంపెనీ బాధ్యత సంపూర్ణం, ఒక మొత్తం దాటితే ప్రభుత్వ హామీ. బ్రిటన్‌కు 1986 నుంచే చట్టం ఉంది, జపాన్ 2016లో చేసుకుంది. ఈ దేశాల్లో నష్టం భారం ఎవరు మోయాలో చట్టంలోనే రాసి ఉంది.

2024 మార్చిలో ఫ్లోరిడాలో ఒక ఇంటి పైకప్పు చీల్చుకుని 700 గ్రాముల లోహపు ముక్క పడింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి పారేసిన పాత బ్యాటరీల సామానులోది. ఆ కుటుంబం నాసాను 80,000 డాలర్లకు పైగా అడిగింది. విదేశాంగ శాఖ, దౌత్యం ఏమీ లేకుండా నేరుగా. సొంత దేశంలో నేరుగా అడిగే తలుపు ఉండడం ఎంత తేడానో ఇదొక్కటే చెబుతుంది.

9. కాగితం ఎక్కడ ఆగిందో కనుక్కోవడం

నెల దాటినా జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో మూడు చోట్ల అడగండి: కలెక్టర్ ఆఫీసు, అంతరిక్ష శాఖ, విదేశాంగ శాఖ. "నా అర్జీ మీద తీసుకున్న చర్య ఏమిటి, ఫైలు నోటింగ్స్ నకలు ఇవ్వండి" అని మాత్రమే. వేరే దేశంతో సంబంధాలు చెడతాయని కొన్ని కాగితాలు ఆపవచ్చు, చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. అయినా ఫైలు ఏ బల్ల మీద ఉందో తెలుస్తుంది. 30 రోజుల్లో జవాబు రావాలి.

నా దగ్గరకు వస్తే నేను మొదట చేసేది ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో రెండు తేదీలు రాయడం. పడిన రోజు ఒకటి. అది ఎవరిదో తెలిసిన రోజు రెండోది, అప్పటిదాకా ఆ గడి ఖాళీ. మొదటి తేదీకి పది నెలలు కలిపి మూడోది రాస్తాను. ఆ రోజుకి ఢిల్లీ నుంచి ఏ కబురూ లేకపోతే నాగపూర్ బస్సు ఎక్కాలి.